చెరువులో గుర్రపుడెక్క ఎంతుందో పైనుంచి చూసి లెక్కగట్టాలి: శాటిలైటా, డ్రోనా?

పంటకాలవ_పక్కన

అందరికీ నమస్కారం. మాది కృష్ణా డెల్టాలో కాలవ చివరి ఊరు. ఊరి పక్కన సుమారు 90 ఎకరాల చెరువు, దాని దిగువన ఒక పెద్ద డ్రెయిన్ ఉన్నాయి. రెండిట్లోనూ గుర్రపుడెక్కే. ఏటా కాలవలు వదిలే ముందు ఒక పొక్లెయిన్ వస్తుంది, తూము దగ్గర కాస్త తీసి గట్టు మీద పోస్తారు, ఫొటోలు దిగుతారు, వెళ్లిపోతారు. సంక్రాంతి నాటికి మళ్లీ నీళ్లు కనపడవు. నీటి సంఘంలో మా బాబాయి ఉన్నాడు, "ఎంత మేర ఉందో, ఎప్పట్నుంచి ఉందో కాగితం మీద చూపిస్తే గట్టిగా అడగొచ్చురా" అంటున్నాడు. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను, మ్యాపుల గురించి గూగుల్ మ్యాప్స్ దాటి ఏమీ తెలీదు. శాటిలైట్ బొమ్మలు ఫ్రీగా దొరుకుతాయంటున్నారు, ఇంకొకరు డ్రోన్ ఎగరేస్తే చాలంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి? డబ్బులు పెద్దగా లేవు, చందాల పని.

పిక్సెల్_పంతులు

డ్రోన్ తర్వాత, ముందు శాటిలైట్ చూడండి, పైసా ఖర్చు లేదు. గూగుల్ మ్యాప్స్‌లో కనిపించే బొమ్మ ఎప్పటిదో తెలీదు కాబట్టి దాన్ని వదిలేయండి. మీకు కావాల్సింది సెంటినెల్-2. యూరోపియన్ వాళ్ల ఉపగ్రహాలు, మొదటిది 2015లో, రెండోది 2017లో వెళ్లాయి. రెండూ కలిపి ప్రతి 5 రోజులకి మీ చెరువు మీదుగా ఉదయం పదిన్నర ప్రాంతంలో బొమ్మ తీస్తాయి. కోపర్నికస్ బ్రౌజర్ అని ఒక సైట్ ఉంది, ఫ్రీగా అకౌంట్ తెరిచి మీ ఊరు వెతుక్కుని తేదీ మారుస్తూ పోవడమే. అందులో "ఫాల్స్ కలర్" అని నొక్కితే పచ్చటి ఆకు ఎక్కడుంటే అక్కడ ఎర్రగా, నీళ్లు నల్లగా కనిపిస్తాయి.

అదెందుకంటే, కంటికి కనపడని ఒక కాంతి ఉంది, ఎన్‌ఐఆర్ అంటారు. పచ్చి ఆకు దాన్ని బాగా వెనక్కి కొడుతుంది, నీళ్లు దాదాపు మొత్తం మింగేస్తాయి. ఎర్ర కాంతిని ఆకు మింగుతుంది. ఎన్‌ఐఆర్‌లోంచి ఎరుపు తీసేసి, ఆ రెండిటి కూడికతో భాగిస్తే వచ్చేదే ఎన్‌డీవీఐ. ఖాళీ నీళ్ల మీద అది సున్నా దగ్గర లేదా ఇంకా కింద ఉంటుంది, దట్టంగా డెక్క ఉన్నచోట 0.6, 0.7 దాకా పోతుంది. చెరువు హద్దు గీసుకుని లోపల 0.3 దాటినవన్నీ డెక్క అనుకుని లెక్కేయండి. మొదటి మ్యాపుకి అది చాలు.

ఒక్క మాట. ఈ బొమ్మలో ఒక చుక్క అంటే 10 మీటర్లకి 10 మీటర్లు, మన లెక్కలో రెండున్నర సెంట్లు. మూడు చుక్కలు బై మూడు చుక్కలు పచ్చబడితేనే నేను నమ్ముతాను, అంటే దాదాపు 22 సెంట్లు. అంతకంటే చిన్న గుంపుని శాటిలైట్ ఖాయంగా చెప్పలేదు. మీ డ్రెయిన్ వెడల్పు ఎంత?

పంటకాలవ_పక్కన

డ్రెయిన్ 15 మీటర్లు ఉంటుందేమో సార్, కొన్ని చోట్ల ఇంకా తక్కువే.

పిక్సెల్_పంతులు

అయితే డ్రెయిన్‌ని సెంటినెల్‌తో చూడటం మర్చిపోండి. గట్టు మీది తుమ్మచెట్లూ గడ్డీ, లోపలి డెక్కా అన్నీ ఒకే చుక్కలో కలిసిపోతాయి. చెరువు వరకు శాటిలైట్, డ్రెయిన్‌కి డ్రోనో, ఫోను పట్టుకుని గట్టు మీద నడకో.

ఊరికే_చదువుతా

ఇంత దూరం ఎందుకు? ఊళ్లో ఎవరిని అడిగినా చెప్తారు, చెరువు నిండా ఉందని. మ్యాపు వేసినంత మాత్రాన డెక్క పోతుందా? పీకేవాళ్లు కావాలి, పీకించే డబ్బు కావాలి. మా మండలంలో ఎవరో ఇలాగే రంగురంగుల బొమ్మ చేసి ఆఫీసులో ఇచ్చారు, వాళ్లు దాన్ని గోడకి అంటించుకున్నారు.

రిటైర్డ్_ఏఈ

పైన ఆయన కోపంలో న్యాయం ఉంది కానీ, నేను ముప్ఫై ఏళ్లు కాలవల మీద పనిచేసిన మనిషిగా ఒకటి చెప్తాను. డెక్క తీత పనికి బిల్లు ఎలా వస్తుందో తెలుసా? ఎంత విస్తీర్ణంలో ఉంది, ఎంత తీశారు అనేది ఎం-బుక్‌లో, అంటే పని కొలతల పుస్తకంలో రాస్తారు. ఆ కొలత కంటి అంచనా మీద పోతుంది. చెరువు మధ్యలోకి టేపు పట్టుకుని వెళ్లేవాడెవడు? అక్కడ మాత్రం పైనుంచి తీసిన బొమ్మకి విలువ ఉంటుంది. పని ముందు తేదీది ఒకటి, పని అయ్యాక ఒకటి, రెండూ ఒకే హద్దు గీతతో. ఇవి ఇచ్చి సమాచార హక్కు కింద ఎస్టిమేటు, ఎం-బుక్ నకళ్లు అడగండి. రెండిట్లో విస్తీర్ణం పక్కపక్కన పెట్టి చూస్తే మాట్లాడటానికి మీకు ఏదో ఒకటి దొరుకుతుంది. గోడకి అంటించుకోవడానికి కుదరని కాగితం అది.

అయితే శాటిలైట్ బొమ్మని కొలతకు బదులుగా ఏ ఇంజనీరూ ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా. పక్క సాక్ష్యంగా పెట్టండి.

లస్కర్_మనవడు

మా తాత కాలవ మీద లస్కరుగా, అంటే తూముల కాపలాదారుగా చేశాడు, నేను వేలం పాడిన చెరువుల్లో చేపలు పడతాను. ఏఈ గారు చెప్పిన ముందూ వెనకా బొమ్మల్లో ఒక మోసం ఉంది, అది మీకు ఆఫీసులో కూర్చుంటే తెలీదు. డెక్కకి వేళ్లు నేలలో ఉండవు, గాలి ఎటు కొడితే అటు పోతుంది. జూన్ నుంచి పడమటి గాలి పట్టిందంటే మొత్తం తూర్పు గట్టుకి చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కి మందంగా నొక్కుకుపోతుంది. అప్పుడు బొమ్మ తీస్తే 30 ఎకరాలే అంటారు. గాలి తగ్గి విచ్చుకుంటే అదే డెక్క 50 ఎకరాలు. ఎవరూ ఒక్క మొక్క పీకకుండానే 20 ఎకరాలు "తీసేసినట్టు" చూపించొచ్చు. చూపించారు కూడా, ఎక్కడో చెప్పను. తాళ్లు కట్టి ఒక మూలకి లాగి, ఆ వారంలో కొలతకి పిలుస్తారు.

పిక్సెల్_పంతులు

ఈ పోస్టుని పైన పిన్ చేయాలి అడ్మిన్ గారూ. మేం ఎన్ని పేపర్లు చదివినా ఈ "తాళ్లు కట్టి లాగడం" ఎక్కడా రాసి ఉండదు.

దీనికి విరుగుడు ఏమిటంటే, ఒక తేదీ బొమ్మని ఇంకో తేదీ బొమ్మతో పోల్చొద్దు. పని ముందు రెండు నెలల్లో మబ్బు లేని బొమ్మలన్నీ, పని తర్వాత రెండు నెలల్లోవన్నీ తీసుకుని ఒక్కోదానిలో విస్తీర్ణం రాసి గ్రాఫు గీయండి. గాలి వల్లయితే అంకె పైకీ కిందకీ ఊగుతుంది. నిజంగా తీస్తే ఒక్కసారి పడి కొన్నాళ్లు అక్కడే ఉంటుంది. ఇంకో బొమ్మ కూడా చేయొచ్చు: ఏడాదిలో ఒక్కో చుక్క ఎన్నిసార్లు పచ్చగా ఉందో శాతం. ఎప్పుడూ పచ్చగా ఉన్న చోటు డెక్క స్థావరం, అప్పుడప్పుడూ పచ్చబడే చోటు గాలికి కొట్టుకొచ్చే దారి. శాటిలైట్ బొమ్మల మీద లెక్కలు కట్టే గూగుల్ ఎర్త్ ఇంజిన్ అనే సైట్‌లో ఇది పాతిక ముప్ఫై లైన్ల కోడ్, వ్యాపారం కానివాళ్లకి ఫ్రీ.

బోటనీ_మేడమ్

అందరూ పచ్చగా కనిపించిందల్లా గుర్రపుడెక్కే అంటున్నారు, కొంచెం ఆగండి. డెల్టా చెరువుల్లో అంతర తామర ఉంటుంది, తామర, కలువ ఉంటాయి, అంచున జమ్ము, కిక్కిస, తూటికాడ ఉంటాయి. ఎన్‌డీవీఐకి ఇవన్నీ ఒకటే. పైగా ఆక్వా చెరువుల్లో పాచి పట్టి నీళ్లే పచ్చబడితే అదీ కొంత అంకె పెంచుతుంది. తామరాకులు తీసేయమని అర్జీ పెట్టినట్టు అవుతుంది చూసుకోండి.

కాలం చూస్తే చాలావరకు విడదీయొచ్చు. జమ్ము, కిక్కిస పాతుకుని ఉంటాయి కాబట్టి చోటు మారవు, వేసవిలో ఎండుతాయి. అంచున కొంతమంది వేసే వరి సార్వాకో దాళ్వాకో ఎదిగి, పండి, కోతకొస్తుంది, అంకె దభాలున పడిపోతుంది. డెక్క నీళ్లున్నంతకాలం పచ్చగానే ఉండి జరుగుతూ ఉంటుంది. నీటి అడుగున పెరిగే నాచు సంగతి వేరు, దాని మీద అడుగు నీళ్లున్నా ఎన్‌ఐఆర్ దాదాపు అంతా నీళ్లే తాగేస్తాయి, కాబట్టి ఈ పద్ధతిలో అది మీకు కనపడదు. చెరువు "శుభ్రంగా" ఉందని మ్యాపు చెప్పినా పడవ తెడ్డుకి నాచు చుట్టుకోవచ్చు.

ఒకసారి పడవలో వెళ్లి ఏ చోట ఏ మొక్క ఉందో ఫోను జీపీఎస్‌తో గుర్తుపెట్టుకోండి. అది లేకుండా చేసిన మ్యాపుని మా విద్యార్థుల దగ్గర నేను ఒప్పుకోను.

మత్తడి_పక్కన

మాది హైదరాబాద్ శివారు, మా కాలనీ వెనక చెరువుకి కూడా ఇదే గోస. డ్రైనేజీ నీళ్లు కలుస్తయి కాబట్టి డెక్కకి కావలసినంత బలం. దోమలు చెప్పనే వద్దు. మా అనుభవంలో శాటిలైట్‌తో అసలు తిప్పలు వానాకాలం. జూన్ చివర నుంచి సెప్టెంబర్ దాకా ఎప్పుడు తెరిచినా తెల్ల మబ్బే. డెక్క పెరిగేది అప్పుడే కదా? దానికేమన్నా దారుందా?

పిక్సెల్_పంతులు

రాడార్ ఉంది. సెంటినెల్-1. మబ్బు, వాన, రాత్రి, దానికేదీ అడ్డు కాదు. నున్నటి నీళ్లు రాడార్ తరంగాన్ని పక్కకి జారవిడుస్తాయి కాబట్టి నల్లగా వస్తాయి, డెక్క మీద అది చెదిరి కొంత వెనక్కొస్తుంది కాబట్టి తెల్లగా. కేరళలో కుట్టనాడ్ ప్రాంతంలో దీనితో గుర్రపుడెక్క చూశారు. చిక్కు ఎక్కడంటే, గాలికి నీళ్ల మీద అలలు లేస్తే ఖాళీ నీళ్లూ తెల్లబడతాయి. వీవీ, వీహెచ్ అని రెండు రకాల బొమ్మలు ఇస్తారు, అలల గోల వీహెచ్‌లో తక్కువ, అది వాడండి. అయినా రాడార్ బొమ్మ చుక్కలు చుక్కలుగా గరుకుగా ఉంటుంది, చిన్న చెరువుల్లో నాకు పెద్ద నమ్మకం లేదు. 50 ఎకరాలు దాటితే పనికొస్తుంది. పది ఎకరాల కుంటకి వద్దు.

మత్తడి_పక్కన

మాది 40 ఎకరాలు ఉంటది. చూస్త. థ్యాంక్స్ అన్నా.

కొల్లేటి_కుర్రాడు

డ్రోన్ సంగతి నేను చెప్తా, పెళ్లిళ్లకీ పొలాలకీ ఎగరేస్తుంటా. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాముల లోపు నానో, 2 కిలోల లోపు మైక్రో. మైక్రో అయినా రిజిస్టర్ చేయించి నంబరు తీసుకోవాలి. మైక్రోని డబ్బు కోసం కాకుండా ఎగరేస్తే పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా పర్మిషన్ లేకుండా ఎగరేయొచ్చు. కానీ ముందు ప్రభుత్వం వాళ్ల డిజిటల్ స్కై సైట్‌లో మ్యాపు తెరిచి మీ ఊరు ఏ రంగులో ఉందో చూడండి, గన్నవరం విమానాశ్రయానికి దగ్గరైతే లెక్క మారిపోతుంది. 2022లో విదేశీ డ్రోన్ల దిగుమతి ఆపేశారు కాబట్టి కొత్తగా కొనేవాళ్లు ఆ గోల కూడా చూసుకోవాలి. మీకు ఒక్క చెరువు కోసం కొనడం దండగ, ఎగరేసేవాడిని రోజు కిరాయికి పిలవండి.

మా కొల్లేరులో మాత్రం ఇవన్నీ పనికిరావు. 1999 నుంచి అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ గుర్తింపున్న చిత్తడి నేల. అటవీ శాఖ అనుమతి లేకుండా డ్రోన్ తీస్తే కేసే. గూడబాతులు గూళ్లు పెట్టే ఆటపాక వైపు అయితే ఇంకానూ. పర్మిషన్ ఇచ్చినా నేను ఎగరేయను, పక్షులు లేచిపోతే పిల్లలు ఎండకి చచ్చిపోతాయి. అంత పెద్ద సరస్సుకి శాటిలైటే సరిపోతుంది.

ఇక నీళ్ల మీద డ్రోన్ అంటే పొలం మీద ఎగరేసినట్టు కాదు. వందల ఫొటోలు తీసి సాఫ్ట్‌వేర్‌తో అతికిస్తాం, వెబ్‌ఓడీఎం ఫ్రీగానే దొరుకుతుంది. అతకాలంటే రెండు ఫొటోల్లో ఒకే గుర్తు కనిపించాలి. ఖాళీ నీళ్లలో గుర్తేముంటుంది? మధ్యలో పెద్ద కన్నం వస్తుంది. డెక్క ఉన్నచోట బాగానే అతుకుతుంది, మనకి కావాల్సిందీ అదే కాబట్టి కన్నం చూసి కంగారు పడొద్దు. ఫొటోకీ ఫొటోకీ 80 శాతం కలిసేలా, గట్టు కూడా పడేలా పెట్టండి. ఎత్తు 100 మీటర్లు చాలు, ఒక చుక్క మూడు సెంటీమీటర్ల లోపు వస్తుంది, పువ్వులతో సహా కనపడతాయి. మధ్యాహ్నం మాత్రం వద్దు, సూర్యుడు నడినెత్తిన ఉంటే నీళ్లలోంచి మెరుపు కెమెరాలోకే కొడుతుంది. పొద్దున్న ఎనిమిదీ తొమ్మిది మధ్య ఎగరేయండి, గాలి కూడా ఉండదు. గాలి ఉంటే ఒక వరస తీసి రెండో వరసకొచ్చేసరికి డెక్క జరిగిపోయి అదే గుంపు రెండు చోట్ల పడుతుంది.

పంటకాలవ_పక్కన

ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. మల్టీస్పెక్ట్రల్ కెమెరా (ఎన్‌ఐఆర్ లాంటి కాంతిని కూడా పట్టేది) ఉన్న డ్రోనే కావాలని ఒక కంపెనీ వాళ్లు అంటున్నారు, కిరాయి మూడింతలు చెప్పారు. అవసరమా?

కొల్లేటి_కుర్రాడు

అక్కర్లేదు బ్రో. మీకు తెలియాల్సింది డెక్క ఎక్కడుందనే, దాని ఆకులో క్లోరోఫిల్ ఎంతుందని కాదు. మామూలు కెమెరా చాలు.

పిక్సెల్_పంతులు

కుర్రాడితో ఏకీభవిస్తాను. డెక్క, అంతర తామర, కలువ కలగాపులగంగా ఉండి వాటిని వందల ఎకరాల్లో యంత్రం చేత విడదీయించాలంటే ఆ కెమెరా లాభం. 90 ఎకరాలకి ఏఐ కూడా వద్దు. అతికించిన బొమ్మని క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో తెరిచి మౌసుతో గుంపుల చుట్టూ గీత గీయండి, ఒక పూట పని. ఒకటి గుర్తుంచుకోండి, వైశాల్యం లెక్కేసేముందు కోఆర్డినేట్లు మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతికి, మన దగ్గరైతే 44 ఉత్తరం జోన్‌లోకి మార్చుకోవాలి. డిగ్రీల్లో ఉంచి లెక్కిస్తే వచ్చే అంకెకి అర్థం ఉండదు.

ఊరికే_చదువుతా

సరే, గీశారు, 50 ఎకరాలని తేలింది. తర్వాత? నా ప్రశ్నకి ఇంకా జవాబు రాలేదు.

బోటనీ_మేడమ్

జవాబు ఆ 50 ఎకరాల దగ్గర లేదండీ. అది 22 సెంట్లుగా ఉన్నప్పుడు ఎక్కడుందో, అక్కడ ఉంది. వేడి, ఎరువు నీళ్లు రెండూ కుదిరితే గుర్రపుడెక్క రెండు వారాల్లోపే రెట్టింపు అవుతుంది. రెండు వారాలనే పట్టుకోండి. 22 సెంట్లు నాలుగు రెట్టింపుల్లో, అంటే ఎనిమిది వారాల్లో మూడున్నర ఎకరాలు. ఇంకో ఆరు వారాలకి 28. దట్టంగా ఉన్న డెక్క హెక్టారుకి 300 టన్నులు కూడా తూగుతుంది, ఎకరానికి 120 టన్నులు, అందులో చాలావరకు నీళ్లే. ట్రక్కుకి ఐదు టన్నులైతే ఎకరానికి 24 ట్రక్కులు. ఏ పంచాయతీ భరిస్తుంది? అదే 22 సెంట్లప్పుడైతే నలుగురు మనుషులు, ఒక పడవ, రెండు మూడు రోజుల పని.

అందుకే మ్యాపు గీయాల్సింది చెరువు నిండాక కాదు, దాదాపు ఖాళీగా ఉన్నప్పుడు. నిండినప్పుడు బొమ్మ ఆఫీసుకి ఇవ్వడానికి పనికొస్తుంది, ఖాళీగా ఉన్నప్పుడు బొమ్మ డెక్కని పీకడానికి పనికొస్తుంది.

ఊరికే_చదువుతా

ఇది మొదటిసారి అర్థమయ్యే మాట. కానీ మేడమ్, శాటిలైట్‌కి 22 సెంట్ల లోపు కనపడదని పైన ఆయనే చెప్పారుగా. కనపడేసరికే ఆలస్యమైతే మరి?

లస్కర్_మనవడు

కనపడక్కర్లేదు, ఎక్కడ మొదలవుతుందో పాత బొమ్మలే చెప్తాయి. మా తాతకి బొమ్మల్లేకుండానే తెలుసు: మురుగు కలిసే మూల, గాలి తగలని ఒంపు, పోయినేడు గట్టు మీద పోసిన డెక్క వానకి జారి పడ్డ చోటు. ఏ చెరువుకైనా ఇలాంటివి మూడు నాలుగు మూలలే ఉంటాయి, ఏటా అవే. ఆ మూలల దగ్గరకి నెలకోసారి పడవ తోలితే చాలు.

పిక్సెల్_పంతులు

అవును, ఇందాక చెప్పిన శాతాల మ్యాపు దీనికే వాడాలి. 2017 నుంచి బొమ్మలున్నాయి. ప్రతి ఏడాదీ డెక్క తక్కువగా ఉన్న నెల నుంచి మొదలుపెట్టి ముందు ఏ చుక్క పచ్చబడిందో చూస్తూ రండి. అంతకంటే వెనక్కి వెళ్లాలంటే అమెరికా వాళ్ల ఉపగ్రహం ల్యాండ్‌శాట్ ఉంది, దాని చుక్క 30 మీటర్లు, అంటే 22 సెంట్లు ఒక్క చుక్కలోనే, చరిత్రకి పనికొస్తుంది తప్ప మూల పట్టుకోవడానికి కాదు. మన ఇస్రోకి చెందిన ఎన్‌ఆర్‌ఎస్‌సీ వాళ్ల భువన్, భూనిధి పోర్టళ్లు కూడా ఓసారి చూడండి. మన ఉపగ్రహం రిసోర్స్‌శాట్‌లో లిస్-4 అనే కెమెరా చుక్క 5.8 మీటర్లు, సెంటినెల్ కంటే నిశితం, కానీ మీ చెరువు మీద ఎప్పుడు పడిందో వెతుక్కోవాలి.

జోబర్గ్_తెలుగోడు

జొహానెస్‌బర్గ్ నుంచి. ఇక్కడికి గంట దూరంలో హార్ట్‌బీస్‌పోర్ట్ అని డ్యామ్ ఉంది, దాదాపు మన హైదరాబాద్ చెరువుల కథే, ఎగువ నగరాల మురుగంతా అందులోకే. కోపర్నికస్ బ్రౌజర్‌లో దాన్ని తెరిచి టైమ్‌లాప్స్ పెట్టి చూడండి, డెక్క గుంపు ఒక గట్టు నుంచి ఇంకో గట్టుకి తిరగడం స్పష్టంగా కనపడుతుంది. ఇక్కడ రోడ్స్ యూనివర్సిటీ వాళ్లు డెక్క రసం పీల్చే ఒక చిన్న పురుగుని లక్షల్లో పెంచి వదులుతున్నారు. చలికాలం మంచుకి ఆకులు మాడతాయి, పురుగులూ చస్తాయి, వసంతంలో అడుగునున్న విత్తనం నుంచి డెక్క ముందు లేస్తుంది, పురుగు తర్వాత పుంజుకుంటుంది. ఆ తేడాని పట్టుకోవడానికి కూడా శాటిలైట్ బొమ్మ వాడుకోవచ్చు. మనకి ఆంధ్రాలో మంచు బాధ లేదు కాబట్టి పురుగు ఇంకా బాగా పనిచేయాలి కదా మేడమ్?

బోటనీ_మేడమ్

మన దేశానికీ పురుగులొచ్చాయండీ, 1980ల మొదట్లోనే. నియోకెటినా అనే ముక్కుపురుగులు రెండు రకాలు, బెంగళూరు చుట్టుపక్కల చెరువుల్లో వదిలితే కొన్నిచోట్ల మంచి ఫలితమే వచ్చింది. పెద్ద పురుగు ఆకు గీరుతుంది, పిల్లపురుగు కాడలో సొరంగం తవ్వుతుంది, మొక్క నీళ్లు పట్టి మునిగిపోతుంది. కానీ రెండు మూడేళ్ల ఓపిక కావాలి. మధ్యలో పొక్లెయిన్ వచ్చి మొత్తం తీసేస్తే పురుగులూ పోతాయి, మిగిలిన నాలుగు మొక్కలు పురుగు లేకుండా హాయిగా పెరుగుతాయి. మురుగు బలం ఎక్కువైన చోట మొక్క పెరిగే వేగానికి పురుగు చాలదు. కాబట్టి "బాగా పనిచేయాలి" అని ఊరికే అనలేం.

ఎవరో అడిగే లోపు నేనే చెప్తున్నా, టూ ఫోర్ డీ అనే కలుపు మందు కొట్టేద్దామని అనుకోవద్దు. కింద చేపల చెరువులకీ తాగునీటికీ పోయే నీళ్లు అవి. పైగా ఒకేసారి చచ్చి కుళ్లితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి చేపలు తేలతాయి. విత్తనం బురదలో పదిహేను ఇరవై ఏళ్లు బతుకుతుంది, దానికి మందు తగలదు.

రిటైర్డ్_ఏఈ

విత్తనం మాట వచ్చింది కాబట్టి: వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు డ్రెయిన్‌లో నీళ్లు దిగి బురద బయటపడుతుంది. పైనున్న డెక్క ఎండి చస్తుంది, అందరూ పీడ పోయిందనుకుంటారు. మొదటి నీళ్లు తగలగానే ఆ బురదలోంచే పిల్ల మొక్కలు లేస్తాయి. డ్రెయిన్‌కి డ్రోన్ ఒక్కసారే ఎగరేసే స్తోమత ఉంటే నీళ్లు వచ్చిన రెండు మూడు వారాలకి ఎగరేయించండి. జనవరిలో ఎగరేస్తే పచ్చటి బొమ్మ వస్తుందంతే.

ఇంకోటి, తీసిన డెక్కని గట్టు మీద పోయనివ్వకండి. ఒప్పందంలో "గట్టుకి అవతల ఇన్ని మీటర్ల దూరంలో" అని రాయించండి. డ్రోన్ బొమ్మలో ఆ కుప్పలు కూడా చక్కగా కనపడతాయి, బిల్లు ఆపడానికి అదొక్కటే చాలు.

పంటకాలవ_పక్కన

ఈ వారమంతా కూర్చుని పాత బొమ్మలు చూశాను. ఎర్త్ ఇంజిన్ కోడ్ ఒక ఫ్రెండు రాసిచ్చాడు. లస్కర్_మనవడు గారు చెప్పినట్టే ఉంది. దాదాపు ప్రతి ఏడూ ముందు పచ్చబడేది రెండు చోట్లే: వాయవ్యంలో ఎగువ ఊరి మురుగు కాలవ కలిసే మూల, తూర్పున పాత రేవు పక్కన ఒంపు. తూము దగ్గర పొక్లెయిన్ తీస్తుందని చెప్పానే, అక్కడ ఏ ఏడూ మొదలు కాలేదు, గాలికి అక్కడికి చేరుతుందంతే. బాబాయికి చూపిస్తే "ఇన్నేళ్లూ చివర పట్టుకుని పీకామన్నమాట" అన్నాడు.

ఇప్పుడు అనుకుంటున్నది ఏంటంటే, వాయవ్య మూలలో మురుగు కాలవ నోటికి అడ్డంగా వెదురు బొంగులు కట్టి వల దించుదామని, పైనుంచి వచ్చేది అక్కడే ఆగితే వారానికోసారి ఇద్దరు మనుషులతో తీయించొచ్చు. డ్రోన్ డబ్బు డ్రెయిన్‌కి దాచుకుంటాం, ఏఈ గారు చెప్పిన సమయానికి. ఎస్టిమేటు, ఎం-బుక్ కోసం అర్జీ మొన్న పెట్టాం.

లస్కర్_మనవడు

బొంగులు కడితే నీటి మట్టంతో పాటు లేచేలా వదులుగా కట్టండి, రెండు గట్లకీ బిగిస్తే మొదటి వరదకే పోతాయి. వల కిందికి అడుగున్నర దిగాలి, డెక్క వేళ్లు కొన్నిచోట్ల అంత దాకా దిగుతాయి. చేప పోవడానికి దారి వదలండి, లేకపోతే చెరువు వేలం పాడుకున్నవాళ్లు మీ మీదికొస్తారు.

ఊరికే_చదువుతా

ఖర్చు ఎంతవుతుందో రాయండి బాసూ, మా చెరువుకీ అడుగుతా.

పంటకాలవ_పక్కన

వెదురు, వల, కూలీ లెక్క రాగానే ఇక్కడే పెడతాను. పంతులు గారూ, ఒక డౌట్. కొన్ని తేదీల్లో అంకె ఒక్కసారిగా సున్నా అవుతోంది, ఐదు రోజుల తర్వాత మళ్లీ 40 ఎకరాలు. డెక్క మాయమైపోదుగా?

పిక్సెల్_పంతులు

మబ్బు. చెరువు మీద తెల్ల మబ్బుగానీ దాని నీడగానీ పడితే ఎన్‌డీవీఐ పడిపోతుంది. బొమ్మతో పాటు ఎస్‌సీఎల్ అని ఒక పొర వస్తుంది, ఒక్కో చుక్క ఏమిటో అందులో అంకెతో చెప్తారు. 3 అంటే నీడ, 8, 9 మబ్బు, 10 పల్చటి మబ్బు. ఈ నాలుగూ ఉన్న చుక్కలు తీసేసి, చెరువులో పదోవంతు కంటే ఎక్కువ పోయిన తేదీని మొత్తంగా వదిలేయండి. మీ ఫ్రెండు కోడ్‌లో నాలుగు లైన్ల పని. చేశాక గ్రాఫు ఇక్కడ పెట్టండి, అందులో ఇంకా గుంటలుంటే చూద్దాం.